చలిదీవి పొట్టి గుర్రం ఎడారికి పోతే

పోయిన మే నెలలో ఒక రాత్రి కువైట్ నుంచి మా చిన్నాన్న కొడుకు వీడియో కాల్ చేశాడు. రాయచోటి నుంచి హౌస్ డ్రైవర్‌గా పోయినవాడు. యజమాని తన పిల్లల కోసం రెండు పొట్టి గుర్రాలు కొన్నాక కారు నడపడంతో పాటు వాటి చాకిరీ కూడా వాడి మీదే పడింది. ఫోన్‌ను గుర్రం వైపు తిప్పి, "అన్నా, దీనికి నేను సబ్బు పెట్టలేదు, షాంపూ పెట్టలేదు. మరి ఈ నురగ ఎక్కడిది?" అని అడిగాడు. చూస్తే వాడి నడుం ఎత్తున్న షెట్లాండ్ పోనీ. జూలు కళ్ల మీదికి పడి ఉంది. ఒంటి మీద గొర్రెకున్నంత బొచ్చు. తొడల మధ్య, మెడ మీద తోలు పట్టీ రాసుకునే చోట తెల్లటి నురగ కట్టింది.

మా పెదనాన్న ముప్పై ఏళ్లు కడపలో జట్కా తోలిన మనిషి. ఫోన్ చేతిలోకి తీసుకుని, కళ్లజోడు సర్దుకుని చూసి, "చెమటరా అది. నురగ వస్తా ఉందంటే ఇంకా చెమట పడతా ఉందని అర్థం. చెమట పట్టకుండా రొప్పుతా ఉంటే అప్పుడు భయపడాల" అన్నాడు.

ఆయన మాట నిజమే. ఎందుకు నిజమో తెలుసుకుందామని చదవడం మొదలుపెడితే, ఆ నురగ దగ్గర పట్టుకున్న దారం హంపీ దాకా, కైరో దాకా పోయింది. చల్లటి దేశాల పొట్టి గుర్రాలను ఎడారి దేశాలకు అమ్మవచ్చా అన్న చర్చ వచ్చినప్పుడల్లా "అంత ఎండలో మూగజీవం బతుకుతుందా?" అని ఒకరంటారు. "అరబ్బు గుర్రాలు అక్కడే పుట్టి పెరగలేదా?" అని ఇంకొకరంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. నాకు అర్థమైనంతలో అసలు చిక్కుముడి వేరే చోట ఉంది. అమ్మినవాడి బాధ్యత ఎక్కడ తెగిపోతుంది? మిట్టమధ్యాహ్నం ఆ గుర్రం పక్కన ఎవరుంటారు?

ముందు చెమట సంగతి చూద్దాం. కుక్క నాలుక బయటపెట్టి రొప్పి చల్లబడుతుంది. గుర్రం మాత్రం ఎక్కువగా మనిషిలాగే ఒళ్లంతా చెమటోడ్చి చల్లబడుతుంది. అయితే ఒంటి నిండా వెంట్రుకలున్న జంతువుకు చెమట తోలు దగ్గరే ఆగిపోతే ఆరేదెట్లా? అందుకే గుర్రం చెమటలో లాథెరిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. అది సబ్బులాగా పనిచేసి చెమటను వెంట్రుకల మొదళ్ల నుంచి కొసల దాకా పాకిస్తుంది. రాపిడి తగిలిన చోట నురగ కడుతుంది. మావాడు చూసింది దాన్నే.

గుర్రం చెమట మన చెమట కన్నా ఎంతో ఉప్పన. దాదాపు రక్తంలో ఉన్నంత ఉప్పు, ఒక్కోసారి అంతకు మించి దాంట్లో ఉంటుంది. పెద్ద గుర్రం ఎండలో గట్టిగా పనిచేస్తే గంటకు 10 లీటర్లకు పైగా చెమట పోగలదు. నీళ్లొక్కటే పోతే రక్తం చిక్కబడి దాహం వేస్తుంది. నీళ్లతో పాటు ఉప్పూ పోతే ఆ కబురు మెదడుకు సరిగా అందదు. ఒంట్లో నీళ్లు తగ్గిపోతున్నా గుర్రం తొట్టి ముందు మూతి పెట్టకుండా నిలబడిపోవడానికి ఇదొక కారణం. "నీళ్లు పెట్టాం, తాగకపోతే మేమేం చేస్తాం?" అనే వాళ్లకు ఈ సంగతి చెప్పి తీరాలి. మా పెదనాన్న ఎండాకాలం ఉలవ గుగ్గిళ్లలో గుప్పెడు ఉప్పు ఎక్కువ వేసేవాడు. ఎవరు నేర్పారని అడిగితే, "మా నాయన ఏసేవాడు" అన్నాడు.

ఇక ఎండ. గుర్రాలతో పనిచేసేవాళ్లు ఒక ఉజ్జాయింపు లెక్క వేస్తారు. ఫారన్‌హీట్‌లో ఉష్ణోగ్రత, గాలిలో తేమ శాతం, ఈ రెండూ కూడాలి. 130 లోపు వస్తే గుర్రం తనంతట తాను చల్లబడగలదు. 150 దాటితే జాగ్రత్త పడాలి. 180 దాటితే దానితో పని చేయించకూడదు. మే నెలలో కర్నూలులో మధ్యాహ్నం 42 డిగ్రీలు, తేమ 25 శాతం అనుకుందాం. ఫారన్‌హీట్‌లో 108, దానికి 25 కలిపితే 133. జూలైలో కువైట్ ఎడారిలో 47 డిగ్రీలు, తేమ 10 శాతం అనుకుంటే 117కు 10 కలిపి 127. అంటే లెక్క ప్రకారం కువైటే నయం!

ఇక్కడే చాలామంది మోసపోతారు. పొడి గాలిలో చెమట బాగా ఆరుతుంది, నిజమే. కానీ గుర్రం ఒంటి వేడి మామూలుగా 37.5 నుంచి 38.5 డిగ్రీలు. బయటి గాలి అంతకన్నా వేడిగా ఉంటే ఒంట్లోని వేడి గాలిలోకి పోయే దారే ఉండదు. పైగా గాలిలోని వేడి ఒంట్లోకి వస్తుంది. కువైట్‌లోని మిత్రిబా అనే చోట 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. అలాంటి గాలిలో గుర్రానికి మిగిలిన ఒకే ఆధారం చెమట. ఆ చెమటకు నీళ్లు, ఉప్పు ఎవరో ఒకరు అందిస్తూనే ఉండాలి. సముద్రం ఒడ్డున ఇంకో తిప్పలుంది. ఆగస్టు రాత్రి 36 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉంటే లెక్క 167కు పోతుంది. పొద్దుగుంకింది కదా, చల్లబడింది కదా అని పిల్లల్ని గుర్రం ఎక్కించేది సరిగ్గా ఆ వేళకే. గల్ఫ్ తీరాన్ని ఎడారి అన్న ఒక్క మాటతో తేల్చేయకూడదు. పగలు పొయ్యి మీద పెనంలా, రాత్రి ఆవిరి పట్టిన గదిలా ఉండే రోజులు అక్కడ ఉంటాయి.

ఇప్పుడా బొచ్చు సంగతి. షెట్లాండ్ దీవులు స్కాట్లాండ్‌కు ఉత్తరాన, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాయి. అక్కడ నడివేసవిలో కూడా పగటి వేడి 15 డిగ్రీల చుట్టుపక్కలే. చలి, వాన, సముద్రపు ఈదురుగాలి తట్టుకోవడానికి ఆ గుర్రాలకు శీతాకాలంలో రెండు పొరల బొచ్చు వస్తుంది. లోపల మెత్తటి పొర, పైన నీళ్లు జారిపోయే గరుకు పొర. ఈ బొచ్చు రాలడం, మళ్లీ రావడం ఎండ వేడిని బట్టి కాక ముఖ్యంగా పగటి పొడవును బట్టి జరుగుతుంది. కంటిలో పడే వెలుతురు ఎన్ని గంటలుందో చూసుకుని ఒళ్లు ఆ పని చేస్తుంది. షెట్లాండ్‌లో నడివేసవి పగలు దాదాపు 19 గంటలు, నడిశీతాకాలం పగలు 6 గంటలు కూడా ఉండదు. కువైట్‌లో పగలు సుమారు 10 నుంచి 14 గంటల మధ్యే మారుతుంది. చలికాలంలో నిండు బొచ్చుతో విమానం ఎక్కిన గుర్రం దిగిన మర్నాడే దాన్ని రాల్చుకోలేదు. దగ్గరుండి మిషన్‌తో కత్తిరించాలి. కత్తిరించాక ఈగలు, ఎండ నేరుగా తోలుకు తగులుతాయి కాబట్టి నీడ తప్పనిసరి.

అరబ్బు గుర్రాన్ని చూడండి. పలుచటి తోలు, పొట్టి వెంట్రుక, వెంట్రుక తెల్లగా ఉన్నా కింద నల్లటి తోలు, వెడల్పైన ముక్కుపుటాలు. ఎన్నో తరాలు ఎడారిలో పెరిగి వచ్చిన ఒళ్లు అది. ఒంటె అయితే మరీ గట్టిది. నీళ్లు దొరకనప్పుడు తన ఒంటి వేడిని పొద్దున 34 నుంచి సాయంత్రం 40 డిగ్రీలు దాటేదాకా పెరగనిచ్చి చెమటను మిగుల్చుకుంటుంది. గుర్రం ఒంటి వేడి 41 దాటితే ప్రాణం మీదికి వచ్చినట్టే.

మొదటి ప్రమాదం అసలు ప్రయాణంలోనే ఉంది. దారి పొడవునా తల పైకి కట్టేసి ఉంచితే గుర్రం మెడ దించలేదు. మెడ దించితేనే ఊపిరితిత్తుల్లో చేరిన మురికి, చీమిడి బయటికి జారతాయి. దించలేకపోతే న్యుమోనియా పట్టుకుంటుంది. పొట్టి గుర్రాలకు ఇంకో గండం కూడా ఉంది. బెదిరిపోయి మేత మానేస్తే ఒంట్లో దాచుకున్న కొవ్వంతా ఒక్కసారిగా రక్తంలోకి దిగుతుంది. కాలేయం దాన్ని మోయలేక చెడిపోతుంది. షెట్లాండ్ జాతికి, అందులోనూ బాగా బలిసినవాటికి, చూడితో ఉన్నవాటికి ఈ జబ్బు ఎక్కువ. చాలావాటిని బతికించలేరు. బయటికి మాత్రం "కొత్త చోటు కదా, రెండ్రోజులు తినదులే" అన్నట్టే కనిపిస్తుంది. కొత్తగా దిగిన పోనీ ఒక్క పూట మేత ముట్టకపోయినా డాక్టరును పిలవాలని నేను గట్టిగా చెప్పేది అందుకే.

అలాగని దండిగా మేపితే మేలు జరుగుతుందా అంటే అదీ లేదు. రాళ్ల మీది గడ్డి గీరుకుని బతికిన జాతికి పచ్చటి లూసర్న్ గడ్డి, బార్లీ దాణా రోజూ పెడితే గిట్టల లోపల వాపు వస్తుంది. నిలబడలేక ముందుకాళ్లు చాపి బరువు వెనక్కి వేసుకుని నిలుచుంటుంది. కడప వీధుల్లో రోజంతా పరుగెత్తిన జట్కా గుర్రానికి ఉలవలు అరిగేవి. పిల్లల్ని ఎక్కించుకుని సాయంత్రం నాలుగు చుట్లు తిరిగే పోనీకి ఆ తిండి అరగదు. ఇసుక మీద మేత చల్లితే మేతతో పాటు ఇసుకా లోపలికి పోయి పేగుల్లో పేరుకుని కడుపునొప్పి తెస్తుంది. తొట్టి కిందో రబ్బరు పట్టా పరవడం ఏమంత ఖర్చు కాదు.

పెదనాన్న భయపడాలన్న ఆ చెమట పట్టని జబ్బుకూ మన దేశానికీ పాత సంబంధం ఉంది. తెల్లవాళ్ల కాలంలో ఇంగ్లండ్ నుంచి ఇక్కడికి తెచ్చిన రేసు గుర్రాలు కొన్ని కొంతకాలానికి చెమట పట్టడమే మానేసేవి. తోలు పొడిబారి, చిన్న పనికే రొప్పి కూలబడేవి. కొత్త వేడికి అలవాటు పడటానికి గుర్రానికి రెండు మూడు వారాలు పడుతుంది. కొన్నింటికి మాత్రం ఎన్నాళ్లున్నా ఆ అలవాటు రాదు. వాటిని చల్లటి చోటికి తిప్పి పంపడం కన్నా గట్టి మందు ఈ రోజుకీ లేదు. ఏ గుర్రానికి ఈ జబ్బు వస్తుందో ముందుగా కచ్చితంగా చెప్పడం కూడా కష్టం.

ఇదే కథ తిరగబడి మన నేల మీద కూడా జరిగింది. గండికోట, పెనుకొండ చూసినవాళ్లకు విజయనగర రాజులకు గుర్రాల మీద ఉన్న ఆశ కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ గుర్రాల్లో మేలైనవి హోర్ముజ్, అరేబియా రేవుల నుంచి ఓడల్లో వచ్చేవి. దూరదేశాల నుంచి ఏనుగులు, గుర్రాలు తెచ్చే వర్తకులను బాగా చూసుకో, ఆ సరుకు శత్రువు చేతికి పోనీయకు అని శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతిగా చెప్పాడు. 13వ శతాబ్దంలో తమిళ తీరం చూసిన మార్కో పోలో, అక్కడి రాజులు ఏటా వేల గుర్రాలు కొంటారనీ, సాకడం తెలిసినవాళ్లు లేక చాలావరకు ఏడాది తిరక్కుండానే చనిపోతాయనీ రాశాడు. గుర్రాలు చస్తేనే మళ్లీ బేరం వస్తుంది కాబట్టి వాటి వైద్యం తెలిసినవాళ్లను వర్తకులు ఈ దేశానికి రానీయరని కూడా అన్నాడు.

నాకు అన్నిటికన్నా కలుక్కుమన్నది 16వ శతాబ్దంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిన మాట. సాళువ నరసింహుడు హోర్ముజ్ గుర్రాలను బతికున్నా చచ్చినా ఒకే ధరకు కొన్నాడట. సముద్రం మీద చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదానికి ఇచ్చినంతా ఇచ్చేవాడట. రాజు అవసరం రాజుది. కానీ ఆ ఓడలో గుర్రానికి ఒక కుండ నీళ్లు ఎక్కువ పెట్టాలని ఏ వర్తకుడికి అనిపిస్తుంది? చచ్చినా నష్టం లేని బేరంలో గుర్రాన్ని కాచుకునేవాడు ఉండడు. ఎడారిలో పుట్టిన గుర్రాలు మన దగ్గర చచ్చాయి. చలిదేశంలో పుట్టినవి ఎడారిలో చస్తున్నాయి. వాతావరణాలు వేరైనా బేరం లెక్క ఒకటే.

తర్వాతి కథ ఈజిప్టుది. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆస్ట్రేలియా నుంచి లక్షా ముప్పై వేలకు పైగా గుర్రాలు పోయాయి. యుద్ధం అయ్యాక సొంత దేశానికి తిరిగొచ్చింది ఒక్కటే, శాండీ అనే గుర్రం. బ్రిటిష్ సైన్యం తన గుర్రాలను వేలల్లో ఈజిప్టులోనే అమ్మేసింది. 1930లో కైరో వెళ్లిన డొరతీ బ్రూక్ అనే ఆవిడ రాళ్ల బండ్లు లాగుతున్న ముసలి గుర్రాల మీద సైన్యం ముద్రలు చూసి నిలబడిపోయింది. 1931లో ఆమె పత్రికకు రాసిన ఉత్తరం చూసి జనం డబ్బు పంపారు. ఆ డబ్బుతో 5,000 గుర్రాలను కొంది. వాటిలో చాలావాటికి ఇవ్వగలిగింది నొప్పి లేని చావే. 1934లో ఆమె కైరోలో పెట్టిన ఉచిత ఆసుపత్రే, బరువులు మోసే గుర్రాలు, గాడిదల కోసం పనిచేసే నేటి బ్రూక్ సంస్థకు మొదలు. ఎండకు నిలిచి యుద్ధం గెలిచిన గుర్రాలవి. వాటిని చంపింది ఆ తర్వాత చేతులు మారిన పదేళ్లే.

మరి చట్టాలు లేవా? ఉన్నాయి, కానీ సరిహద్దు దగ్గర ఆగిపోతాయి. పోనీలను కోతకు అమ్మేయకుండా బ్రిటన్ 1969లో ఒక చట్టం తెచ్చింది. ఫలానా ధరకు తక్కువైన పోనీని దేశం దాటించకూడదు అన్నారు. ఖరీదైన జంతువును మాంసానికి ఎవరూ కొనరు కదా అన్నది ఆలోచన. 2024లో గ్రేట్ బ్రిటన్ నుంచి గుర్రాలను కోతకు, కోత కోసం మేపడానికి పంపడాన్నే పూర్తిగా నిషేధించారు. పెంపకానికి, స్వారీకి, పోటీలకు పంపడం ఇప్పటికీ చెల్లుతుంది. ఐరోపా కోర్టు 2015లో ఒక మంచి తీర్పు ఇచ్చింది. ఐరోపా సమాఖ్య నుంచి బయల్దేరిన పశువులకు ప్రయాణ నిబంధనలు సమాఖ్య సరిహద్దు దాటాక కూడా వర్తిస్తాయని, గమ్యం చేరేదాకా పాటించాల్సిందేనని చెప్పింది. దించాక ఏమిటి? ఆ మరుక్షణం నుంచి గుర్రం కొన్నవాడి దేశపు చట్టం కిందికి, కొన్నవాడి మనసు కిందికి పోతుంది. ఐస్‌లాండ్‌లో అయితే తిరుగుదారి కూడా లేదు. జబ్బులు రాకూడదని అక్కడ ఒకసారి దేశం దాటిన గుర్రాన్ని మళ్లీ రానివ్వరు.

ధర పెంచితే గుర్రానికి రక్షణ అన్న 1969 నాటి ఆలోచనలో ఒక నిజముంది. కోట్ల ఖరీదు చేసే రేసు గుర్రాలకు గల్ఫ్‌లో ఏసీ శాలలు, ఈత కొలనులు, ఇరవైనాలుగ్గంటలూ డాక్టర్లు ఉంటారు. వాటి గురించి నాకు బెంగ లేదు. నా బెంగంతా పిల్లాడి పుట్టినరోజుకు కొని, వాడు ఎదిగాక పెరటి షెడ్డులో మిగిలిపోయే పోనీ గురించే.

మన దగ్గర 1965 నుంచే ఒక నిబంధన ఉంది. వేడి 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండికి పశువును కట్టకూడదు. రోజుకు 9 గంటలకు మించి, మధ్యలో విశ్రాంతి లేకుండా 5 గంటలకు మించి పని చేయించకూడదు. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం, కర్నూలు, కడపల్లో దాదాపు ప్రతి మధ్యాహ్నం ఈ నిబంధన కిందికే వస్తుంది. దాని పేరు కూడా వినని బండివాళ్లు ఎందరో. కాబట్టి గల్ఫ్ వాళ్ల వైపు వేలు చూపించే ముందు మన బారాత్ గుర్రాలు మే నెలలో ఎక్కడ నిలబడి ఉన్నాయో కూడా చూసుకోవాలి.

ఎగుమతిని మొత్తంగా ఆపేయాలని నేను అనను. బొచ్చు జాతులను మాత్రం ఎడారికి పంపకూడదనే అంటాను. పిల్లలు స్వారీ నేర్చుకోవాలంటే ఆ నేలకు అలవాటు పడిన గుర్రాలు అక్కడే ఉన్నాయి. పంపక తప్పదంటే అక్టోబరు తర్వాతే పంపాలి, బొచ్చు కత్తిరించి పంపాలి. కొనేవాడి శాలలో కరెంటు పోతే ఫ్యాన్లు నడిచే ఏర్పాటు ఉందో లేదో అమ్మేవాడు కనుక్కోవాలి. గుర్రం అక్కడ ఇమడకపోతే వెనక్కి తీసుకునే షరతు అమ్మకం కాగితంలోనే రాసుకోవాలి. చచ్చినా నష్టం లేని బేరాన్ని మార్చడానికి నాకు కనిపించిన దారి అదొక్కటే.

ఇంకొకటి కూడా ఉంది. గుర్రాన్ని చూసుకునే మనిషికి "ఈ రోజు స్వారీ వద్దు" అనే అధికారం ఉండాలి. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు చివరిదాకా పగలు 11 నుంచి 4 గంటల వరకు ఆరుబయట పని నిషేధం. ఆ వేళ గుర్రానికీ అదే వర్తిస్తుందని యజమానికి చెప్పగల స్థితి పనివాడికి ఉండదు. రాయచోటి నుంచి, రాజంపేట నుంచి అప్పు చేసి వీసా కొనుక్కుని పోయిన పిల్లలు వీళ్లు. ఎదురు చెబితే ఎక్కడ ఉద్యోగం పోతుందోనన్న టెన్షన్. మావాడు మొదటి వేసవి అంతా నోరు మూసుకునే ఉన్నాడు. ఒక సాయంత్రం చిన్న గుర్రం కాళ్లు మడిచి కూలబడ్డాక గానీ యజమాని వాడి మాట వినలేదు.

ఆ సాయంత్రం వాడు చల్లటి నీళ్లు పోయడానికి భయపడ్డాడు. కాగిన ఒంటి మీద చన్నీళ్లు పడితే కండరాలు పట్టేస్తాయని పెదనాన్న కూడా నమ్మేవాడు, వాడికీ అదే చెప్పాడు. అది పొరపాటు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు ముందు జరిగిన పరిశోధనల్లో, కాగిన గుర్రం ఒళ్లంతా చల్లటి నీళ్లు ఆపకుండా పోస్తూ ఉండటమే మేలని తేలింది. ఈ సంగతి చదివి వినిపిస్తే పెదనాన్న చాలాసేపు మాట్లాడలేదు. "అయితే మా ఎర్రదాన్ని ఆ పొద్దు బతికించుకునేవాణ్నే" అన్నాడు చివరికి.

ఈ ఏడు గుర్రాలకు బొచ్చు కత్తిరించారు. స్వారీ పొద్దున 5 గంటలకే అయిపోతుంది. నీళ్ల తొట్టిని ఎండలోంచి గోడ నీడకు జరిపి, దాని పైపుకు గోనెసంచులు చుట్టారు. మావాడు థర్మామీటరు కొనుక్కుని రోజూ మధ్యాహ్నం వాట్సాప్‌లో లెక్క పంపుతున్నాడు. నిన్నటిది: "చిన్నది 38.2. పెద్దది 38.4. మెడ మీద చర్మం గిల్లి వదిలితే వెంటనే అణిగింది, అంటే ఒంట్లో నీళ్లున్నట్టే. రెండు బకెట్లు తాగాయి." పెదనాన్న అది చదివించుకుని, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని వాయిస్ మెసేజ్ పంపాడు. "సరే నాయనా. నువ్వెన్ని తాగినావు?"